అబద్ధం ఆడినవాళ్లు వేరు, అబద్ధాలకోరు వేరు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 26. మాది మధురవాడ. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో మూడేళ్లుగా డాక్యుమెంటేషన్ పని చేస్తున్నాను. సింహాచలం చందనోత్సవానికి అమ్మను తీసుకెళ్లాలని, ఆఫీసుకి జ్వరం అని మెసేజ్ పెట్టి సెలవు తీసుకున్నాను. క్యూలో ఉండగా మా పిన్ని కూతురు తీసిన ఫోటో తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. అది తిరిగి తిరిగి మా మేనేజర్ గారి దాకా వెళ్లింది. ఆయన మెమో ఇచ్చారు. అందులో 'యువర్ మెండ్యాసిటీ హ్యాజ్ బీన్ నోటెడ్' అని ఉంది. ఏడు రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇమ్మన్నారు. 'మెండ్' అంటే బాగుచేయడం కదా, కాబట్టి దిద్దుకోవాల్సిన పొరపాటు అని అర్థం అనుకున్నాను. 'ఐ యామ్ సారీ ఫర్ మై మెండ్యాసిటీ' అని సమాధానం కూడా రాసి పెట్టుకున్నాను. మా తమ్ముడు ఫోన్‌లో అర్థం చూసి 'అక్కా, ఇది మాత్రం ఇవ్వకు' అన్నాడు. ఇది నేరమా? నా మీద కేసు పెడతారా? దేవుడి కోసం ఆడిన అబద్ధం అబద్ధమే కాదని అమ్మ అంటోంది. నేను తెలుగు మీడియంలో చదివాను. రెండు రోజులుగా నిద్ర లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ఆ మాట నిజంగా నాకు వర్తిస్తుందా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం నిన్న రాత్రి చదివాను. నీకు గడువు ఇంకా ఐదు రోజులే ఉంది కనుక మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ముందు నీకే రాస్తున్నాను. నేను పాఠం చెప్పిన పిల్లల వయసుదానివి, అందుకే నువ్వు అంటున్నాను.

ముందుగా మీ తమ్ముడికి నా ఆశీస్సులు చెప్పు. ఆ కాగితం ఆపి నీకు పెద్ద మేలు చేశాడు. దాన్ని ఇప్పుడే చింపెయ్యి. 'నా మెండ్యాసిటీకి క్షమించండి' అని నీ చేతిరాతతో, నీ సంతకంతో ఇస్తే 'నేను అబద్ధాలకోరును, అందుకు క్షమించండి' అని ఒప్పుకున్నట్టే. అది నీ పర్సనల్ ఫైల్లో ఉండిపోతుంది. రేపు మేనేజర్ మారినా ఫైల్ మారదు. పైగా నీది క్లియరింగ్ ఏజెన్సీ ఉద్యోగం. షిప్పింగ్ బిల్‌లో సరుకు బరువు, విలువ ఎంత అని నువ్వు టైప్ చేస్తావో దాని మీదే కస్టమ్స్ వాళ్లు నడుస్తారు. అలాంటి పనిలో ఉన్న మనిషి పేరు పక్కన ఈ మాట చేరితే, మిగతా ఉద్యోగాల్లో కంటే ఎక్కువ నష్టం. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసిపారేయలేకపోతున్నాను.

నీ భయం సంగతి ముందు తేల్చేద్దాం. ఇది నేరం పేరు కాదు. కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెబితే దాన్ని ఇంగ్లీషులో 'పర్జరీ' అంటారు. న్యాయస్థానం విచారణలో తప్పుడు సాక్ష్యం ఇస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. నువ్వు ఏ కోర్టులోనూ ప్రమాణం చేయలేదు. జ్వరం అని చెప్పి ఒక రోజు సెలవు పెట్టావు. అది ఆఫీసు క్రమశిక్షణ విషయం. పోలీసులూ కేసులూ అనే ఆలోచన ఈ క్షణం నుంచి మానెయ్యి.

ఇక ఆ మాట. ముందు పలకడం నేర్చుకో. 'మెన్-డ్యా-సి-టీ' అని, రెండో అక్షరం మీద ఊనిక పెట్టి పలకాలి. గుణాన్ని చెప్పే విశేషణ రూపం 'మెన్‌డేషస్'. దీనికి క్రియారూపం లేదు. 'హి లైడ్' అన్నట్టుగా ఈ మాటతో 'అబద్ధమాడాడు' అని చెప్పడం కుదరదు. ఆ ఒక్క సంగతే దీని స్వభావాన్ని చాలావరకు చెప్పేస్తుంది. 'లై' అనేది మనిషి చేసే పని. 'మెండ్యాసిటీ' అనేది మనిషిలో ఉండే గుణం.

తెలుగులో చూస్తే నీకు ఇంకా బాగా తెలుస్తుంది. ఒకరోజు తాగినవాణ్ణి మనం తాగుబోతు అనం. ఒకసారి జగడమాడినామెను జగడాలకోరు అనం. అలాగే అబద్ధం ఆడినవాళ్లు వేరు, అబద్ధాలకోరు వేరు. ఏ మాటా నిజంగా చెప్పకపోవడం, అవసరం ఉన్నా లేకున్నా బొంకడం, పట్టుబడినా మళ్లీ బొంకడం, అలా అదే అలవాటుగా బతకడం, ఇదంతా కలిపి అబద్ధాలకోరుతనం. మెండ్యాసిటీ అంటే అది. గ్రాంథికంగా చెప్పాలంటే అసత్యశీలత అనవచ్చు, కానీ నాకు అంతకంటే 'సత్యహీనత' అన్న మాట సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

న్యాయంగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిఘంటువులు ఈ మాటకు రెండో అర్థం కూడా ఇస్తాయి: ఒక అబద్ధం, ఒక అసత్యపు మాట. ఆ అర్థంలో దీన్ని వాడేవాళ్లు తక్కువ, కానీ ఉన్నారు. అలాగే 'మెన్‌డేషస్' అన్నది మనిషికే కాకుండా ఒక ప్రకటనకో, ఒక వాదనకో కూడా తగిలిస్తారు. కాబట్టి మీ మేనేజర్ గారు 'నేను ఆ ఒక్క అబద్ధం గురించే అన్నాను' అంటే నిఘంటువు ఆయన్ని పూర్తిగా తప్పుపట్టదు. అయితే ఆయన రాసింది ఏమిటి? 'యువర్ మెండ్యాసిటీ' అని. ముందు 'నీ' అని పెట్టి వాడితే చదివేవాళ్లకు అది నీ గుణం గురించి మాట్లాడినట్టే వినిపిస్తుంది. 'నీ బద్ధకం', 'నీ పొగరు' అన్నట్టు. 'నీ సెలవు చీటీలోని అసత్యం' అని ఉంటే ఆ మాట చీటీకే అంటేది. ఇప్పుడు నీకు అంటింది.

ఆయన కావాలనే అంత మాట వాడారని నేను అనను. ఈ రోజుల్లో మెమోలు కూడా కంప్యూటర్ చేత రాయించుకుంటున్నారు. 'ఇంకాస్త ఫార్మల్‌గా' అని అడిగితే అది ఇలాంటి మాట తెచ్చిపెడుతుంది. చదివేవాళ్లకూ తెలియక, పంపేవాళ్లకూ తెలియక, మధ్యలో ఒక బరువైన మాట ఫైల్లోకి చేరుతుంది.

నువ్వు 'మెండ్' అంటే బాగుచేయడం కదా అనుకున్నావు చూడు, అందుకు సిగ్గుపడకు. ఆ ఊహ వట్టి గాలి ఊహ కాదు. లాటిన్‌లో 'మెండుమ్' అంటే లోపం, దోషం. అందులోంచే 'మెండాక్స్' వచ్చిందంటారు. అబద్ధాలాడే స్వభావం ఉన్నవాడు అని దానికి అర్థం. 17వ శతాబ్దంలో అది 'మెండ్యాసిటీ'గా ఇంగ్లీషులోకి చేరింది. అదే దోషం అన్న మూలంలోంచి, దోషాన్ని తీసేయడం అనే అర్థంతో 'అమెండ్' వచ్చింది. రాజ్యాంగ సవరణను అమెండ్‌మెంట్ అంటామే, అదే. దానిలో ముందు అక్షరం రాలిపోయి 'మెండ్' అయింది. అంటే నువ్వు బంధుత్వం సరిగ్గానే పట్టుకున్నావు, మనుషుల్నే తారుమారు చేశావు. తెలుగు మీడియం చదువు దీనికి కారణం కాదు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లలో కూడా ఈ మాట ఎదురుపడితే ఆగి ఆలోచించేవాళ్లే ఎక్కువ.

మన 'అబద్ధం' పుట్టుక వేరు. బద్ధం అంటే కట్టినది, అబద్ధం అంటే కట్టులేనిది, దేనికీ పొసగనిది. మన మాట చెప్పిన మాటను చూస్తోంది, లాటిన్ మాట చెప్పిన మనిషిలోని లోపాన్ని చూస్తోంది. ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పినా, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

గుర్తుపెట్టుకోవడానికి నా తరగతిలో ఒక కిటుకు చెప్పేదాన్ని. తెలుగులో మెండు అంటే ఎక్కువ, సమృద్ధి. మెండుగా అబద్ధాలు ఉన్న గుణం మెండ్యాసిటీ. ఇది పుట్టుపూర్వోత్తరం కాదు, గుర్తు కోసం మాత్రమే. ఒకటి రెండు అబద్ధాలకు ఈ మాట చెల్లదన్న సంగతి కూడా ఈ గుర్తులోనే ఉంది.

ఇంకో చిక్కు ఉంది, పోటీ పరీక్షలు రాసే పిల్లలు తరచు పడేది. 'మెండిసిటీ' అని ఇంకో మాట ఉంది. రాతలో ఒక్క అక్షరమే తేడా: దీనిలో 'ఏ' ఉన్నచోట దానిలో 'ఐ' ఉంటుంది. దాని అర్థం భిక్షాటన, అడుక్కోవడం. 1818లో లండన్‌లో వీధుల్లో అడుక్కోవడాన్ని అణచాలని ఒక సంఘం పెట్టారు, దాని పేరులో ఉన్నది ఈ మెండిసిటీయే. చూపు తడబడితే అది అబద్ధాల నిర్మూలన సంఘం అయిపోతుంది! ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లే పిల్లలకు నేను చెప్పేది ఇది: 'ఏ' ఉంటే అబద్ధంలోని అకారం, 'ఐ' ఉంటే 'ఇమ్మని' అడగడంలోని ఇకారం.

ఇక ఎక్కడ వాడతారు అన్నది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఇద్దరు ఇంగ్లీషులో పోట్లాడుకున్నా ఈ మాట వినపడదు. 'లయ్యర్' (అబద్ధాలకోరు) అనేస్తారు. ఇది సంపాదకీయాల మాట, తీర్పుల మాట, చరిత్ర పుస్తకాల మాట. పొడుగాటి మాట కదా, మర్యాదగా చెప్పారేమో అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో అబద్ధాన్ని మెత్తగా చెప్పే పద్ధతులు వేరే ఉన్నాయి. బ్రిటిష్ పార్లమెంటులో ఒక సభ్యుణ్ణి మరో సభ్యుడు అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. 1906లో విన్‌స్టన్ చర్చిల్ అక్కడ 'టర్మినలాజికల్ ఇన్‌ఎగ్జాక్టిట్యూడ్' అన్న ప్రయోగం చేశాడు. పదాల వాడకంలో కచ్చితత్వం తప్పడం అని దాని అర్థం. తర్వాత అదే 'అబద్ధం' అనడానికి మర్యాదపూర్వకమైన మారుపేరు అయిపోయింది. 1986లో ఆస్ట్రేలియా కోర్టులో సాక్ష్యం చెప్తూ బ్రిటిష్ కేబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ 'నిజాన్ని పొదుపుగా వాడటం' అన్న అర్థం వచ్చే మాట అన్నాడు, అదీ అలాగే నిలిచిపోయింది. మన సభల్లో 'సత్యదూరం', 'వాస్తవ విరుద్ధం' అంటారే, అదే పని. మెండ్యాసిటీ ఈ జాబితాలోది కాదు. పేరుకు ఫార్మల్, దెబ్బకు 'లయ్యర్' కంటే గట్టిది. 'లయ్యర్' అన్నది కోపంలో నోరుజారిన మాట కావచ్చు. ఇది నిదానంగా కూర్చుని, ఆలోచించి, మనిషి మీద వేసిన ముద్ర.

మరి ఎవరికి చెల్లుతుంది? ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఆవిడ 'ఇప్పుడే పడవ దిగిన వంజరం' అంటుంది. మొప్ప ఎత్తి చూస్తే సంగతి తెలిసిపోతుంది. అది బేరం మాట. కొనేవాళ్లకీ తెలుసు, అమ్మేవాళ్లకీ తెలుసు. గాజువాకలోనే ఉన్న ఆటో అతను 'జగదాంబ దాటేశానండీ, ఐదు నిమిషాల్లో వస్తా' అంటాడు. అది అబద్ధమే, విసుగే, కానీ అంతకు మించిన మాట దానికి అక్కర్లేదు. ఇలాంటి చోట మెండ్యాసిటీ అంటే దోమ మీదకు రోకలి ఎత్తినట్టు ఉంటుంది.

చెల్లేది ఇలాంటి చోట. 1994లో అమెరికాలో ఏడు పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు అక్కడి కాంగ్రెస్ కమిటీ ముందు వరసగా కూర్చుని, నికోటిన్ వ్యసనం కలిగించదని తాము నమ్ముతున్నామని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. 2006లో గ్లాడిస్ కెస్లర్ అనే ఫెడరల్ జడ్జి, పొగాకు కంపెనీలు దశాబ్దాల పాటు పొగతాగడం వల్ల వచ్చే హాని గురించి ప్రజలకు అబద్ధాలు చెప్పాయని సుదీర్ఘమైన తీర్పు ఇచ్చారు. ఏళ్ల తరబడి, తెలిసి తెలిసి, లాభం కోసం, ప్రాణాలు పోతున్నా మానకుండా. దానికి మెండ్యాసిటీ అనే మాట పెడితే ఒక్క అక్షరం కూడా ఎక్కువ కాదు. ఇప్పుడు చెప్పు, ఆ మాటనే తెచ్చి మధురవాడ అమ్మాయి ఒకరోజు సెలవు మెసేజ్ మీద పెడితే కొలత సరిపోయిందా?

దగ్గరి మాటలు కూడా రెండు తెలుసుకో, నీకు పనికొస్తాయి. సూటిగా అడిగినదానికి సూటిగా చెప్పకుండా చుట్టూ తిప్పడాన్ని 'ప్రివారికేషన్' అంటారు. దాని లాటిన్ మూలానికి వంకరగా నడవడం అని అర్థం. మన డొంకతిరుగుడే. మనిషి ముందు ఒకటి, వెనక ఒకటి ఆడితే 'డూప్లిసిటీ', రెండు నాలుకల వ్యవహారం. నువ్వు ఈ రెండూ చేయలేదు. కానీ ఇప్పుడు మెమోకి సమాధానం రాసేటప్పుడు మొదటిది చేసే ప్రమాదం ఉంది. 'నిజంగానే ఒళ్లు వెచ్చగా ఉంది, తర్వాత తగ్గింది, అప్పుడు వెళ్లాను' అని రాయాలనిపిస్తుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలి అన్న సామెత గుర్తొస్తుంది. వద్దమ్మా. ఇప్పటికి నీది ఒక అబద్ధం. దాన్ని అతికించడానికి ఇంకోటి రాశావంటే, ఆ మెమోలోని మాటకు నీ చేత్తోనే సాక్ష్యం ఇచ్చినదానివి అవుతావు.

మనిషికి ఈ ముద్ర వేయడం అంటే నాకు ఎందుకింత బాధో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పల్లెటూరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. సెలవు చీటీలు ఇంగ్లీషులోనే రాయాలని నేను పెట్టిన నియమం. ఆగస్టులో 'మై గ్రాండ్‌మదర్ ఎక్స్‌పైర్డ్' అని చీటీ ఇచ్చి నాలుగు రోజులు వెళ్లాడు. డిసెంబరులో మళ్లీ అదే వాక్యంతో ఇంకో చీటీ. నేను నలభై మంది ముందు ఆ రెండు చీటీలూ చదివాను. 'ఒక మనిషి రెండుసార్లు చనిపోతుందా? నువ్వు అబద్ధాలకోరువి' అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. తరగతి నవ్వింది. సెలవు ఇవ్వలేదు.

వారం తర్వాత అతని నాన్నగారు వచ్చి చెప్పారు. ఆగస్టులో పోయింది అమ్మమ్మ. డిసెంబరులో పోయింది నాన్నమ్మ. తెలుగులో రాయనిచ్చి ఉంటే రెండు వేర్వేరు మాటలు రాసేవాడు, నాకు అనుమానమే వచ్చేది కాదు. ఇంగ్లీషులో ఇద్దరికీ కలిపి ఒకటే మాట. అతని దగ్గర ఉన్న నిజాన్ని నేను పెట్టిన నియమం మింగేసింది, ఆపైన ముద్ర కూడా నేనే వేశాను. ఆ అబ్బాయి నాన్నమ్మ కర్మకు అందలేదు. నేను తరగతి ముందే క్షమాపణ చెప్పాను. కానీ ఆ రోజు నవ్వినవాళ్ల నవ్వును వెనక్కి తీసుకోలేకపోయాను. అప్పటినుంచి చెప్పింది నమ్మలేనప్పుడు 'ఈ విషయం నాకు అర్థం కాలేదు, వివరంగా చెప్పు' అని అడుగుతానే తప్ప మనిషికి పేరు పెట్టను.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. ఆవిడను నొప్పించకుండా చెప్పు, కానీ నేను ఆవిడతో ఏకీభవించలేను. దేవుడి కోసం ఆడినా అబద్ధం అబద్ధమే. పెద్దవాళ్లు ఇలాంటప్పుడు భాగవతంలోని 'బొంకవచ్చు' అన్న పద్యం గుర్తుచేస్తారు. పెళ్లి విషయాల్లో, ప్రాణం పోయేటప్పుడు, మానభంగం జరిగేటప్పుడు బొంకినా పాపం లేదని చెప్పే పద్యం. మనలో చాలామందికి పద్యం గుర్తుంటుంది, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో గుర్తుండదు. వామనుడికి మూడడుగుల నేల ఇస్తానని మాటిచ్చిన బలిచక్రవర్తితో, ఆ మాట తప్పమని శుక్రాచార్యుడు చెప్పిన మాట అది. బలి ఏమన్నాడు? కాదన్నాడు. ఎంతటి దుష్కర్ముణ్ణైనా మోస్తాను గానీ సత్యహీనుణ్ణి మాత్రం మోయలేనని భూదేవి పూర్వం బ్రహ్మతో చెప్పిందని గురువుకే గుర్తుచేశాడు. పోతన అక్కడ వాడిన మాట 'సత్యహీనుడు'. ఇందాక నేను చెప్పిన సత్యహీనత అక్కడిదే. భూమి మోయలేనంత బరువుగా ఆయన ఊహించినది ఒక చిన్న బొంకును కాదు, సత్యమే లేని మనిషిని. మెండ్యాసిటీకి అంత దగ్గరైన తెలుగు మాట నాకు ఇంకోటి దొరకలేదు.

ఇంకో పక్క ధర్మరాజును చూడు. జీవితంలో ఒక్కసారి, ద్రోణుడి ముందు, అశ్వత్థామ పోయాడని గట్టిగా, ఏనుగు అని నెమ్మదిగా అన్నాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన రథం ఆ క్షణాన నేలకు తగిలింది. శిక్ష పడింది, ఎవరూ దాన్ని కప్పిపుచ్చలేదు. అయినా ఇన్ని తరాల్లో ఆయన్ని అబద్ధాలకోరు అన్నవాళ్లు లేరు. నువ్వు నిద్రపోకుండా అడుగుతున్న ప్రశ్నకు నా జవాబు ఇదే. నువ్వు ఆ రోజు ఆడింది అబద్ధం. అది తప్పు. దానివల్ల నీ పని ఇంకొకరి నెత్తిన పడింది, బహుశా ఎవరో ఆ రోజు సాయంత్రం ఆలస్యంగా ఇంటికి వెళ్లి ఉంటారు. దానికి నువ్వు బాధ్యురాలివి. ఆ మాట మాత్రం నీకు వర్తించదు. మూడేళ్లలో ఇంకోసారి ఇలా జరిగిందా అని నిన్ను నువ్వు అడుగు. లేదంటే, ఆ ముద్రను ఒప్పుకోవాల్సిన అవసరం నీకు లేదు.

స్వామి నిజరూప దర్శనం ఇచ్చేది ఏడాదికి ఆ ఒక్క రోజే. అమ్మను తీసుకెళ్లాలనుకోవడంలో తప్పేముంది? ఈ ఊళ్లో ఆ రోజు సెలవు అడిగితే అర్థం చేసుకోని పై అధికారి అరుదు. 'ఇవ్వరేమో' అన్న భయంతో అడగనేలేదు నువ్వు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇక సమాధానం ఎలా రాయాలో చెబుతాను. ఒక పేజీ దాటొద్దు. నిఘంటువులోంచి ఏ పెద్ద మాటా తేవద్దు. నీకు పూర్తిగా తెలిసిన మాటలే వాడు. మొదటి వాక్యంలోనే ఒప్పుకో: 'ద రీజన్ ఐ గేవ్ ఫర్ మై లీవ్ వాజ్ నాట్ ట్రూ.' తేదీ వెయ్యి. ఎందుకు వెళ్లావో ఒక వాక్యంలో చెప్పు, సమర్థించుకోకు. 'ఐ రిగ్రెట్ ఇట్' అను. ఆ రోజును జీతం లేని సెలవుగా పరిగణించినా నీకు అభ్యంతరం లేదని నువ్వే రాస్తే ఇంకా మంచిది. మూడేళ్ల సర్వీసులో ఇలాంటిది ఇది ఒక్కటే అన్నది నిజమైతే రాయి, నిజం కాకపోతే రాయకు.

తర్వాత వేరే పేరాలో ఆ మాట గురించి మర్యాదగా అడుగు. అర్థం ఇలా ఉండాలి: మెమోలో వాడిన మెండ్యాసిటీ అన్న పదం అలవాటుగా అబద్ధాలాడే స్వభావాన్ని సూచిస్తుంది, నేను చేసింది ఒక్కసారి జరిగిన తప్పు, కాబట్టి ఆ పదం బదులు 'అన్‌ట్రూ స్టేట్‌మెంట్' అని మార్చి రికార్డు చేయవలసిందిగా కోరుతున్నాను. అంతే. మేనేజర్ గారికి ఇంగ్లీషు నేర్పుతున్నట్టు ఒక్క మాట కూడా ఉండకూడదు. లాటిన్ సంగతులు నీకోసం చెప్పాను, ఆయన కోసం కాదు. మార్చకపోవచ్చు. అయినా నువ్వు అడిగినట్టు అదే ఫైల్లో ఉంటుంది, రేపు ఆ మెమో చదివేవాళ్లు నీ కాగితం కూడా చదువుతారు.

రాశాక మీ తమ్ముడికి చూపించు, అక్షరదోషాలు చూస్తాడు. ఫోటో పెట్టిన పిన్ని కూతురి మీద కోపం పెట్టుకోకు, ఆ పిల్ల పెట్టింది నిజమైన ఫోటోనే. రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకో. ఏమన్నారో నాకు రాయి.